పోయినవారి బొమ్మకార్లు: గంపగుత్త ధర వెనక లెక్క

బొమ్మకార్లు సేకరించినాయన పోయాక వాటిని అమ్మబోతే, ఆన్‌లైన్‌లో ఆరు వేలు పలుకుతున్న కారుకి, ఇంటికొచ్చిన కొనుగోలుదారు రెండున్నర వేలే ఇస్తాననగానే ఇంట్లోవాళ్లకి మోసంలా అనిపిస్తుంది. కొన్నిసార్లు అది మోసమే. చాలాసార్లు మాత్రం ఆ రెండు అంకెల మధ్య ఖర్చు, కష్టం, నష్టభయం ఉంటాయి. ఏది న్యాయమో తేల్చడానికి ఒక్కటి చూస్తే చాలు: కొనేవాడు తన లెక్కని కాగితం మీద వేసి ఇంట్లోవాళ్ల ముందు పెడుతున్నాడా, దాచుకుంటున్నాడా.

శ్రీకాకుళం, విజయనగరం లాంటి ఊళ్లలో ఈ చిక్కు ఎక్కువ. బెంగళూరులోనో ముంబైలోనో సేకర్త పోతే విలువ తెలిసిన స్నేహితులు పదిమంది ముందుకొస్తారు. ఇక్కడ ఆ వీధికంతటికీ ఆ కార్ల సంగతి తెలిసినవాడు ఆయనొక్కడే అయ్యుంటాడు. ఆయన పోయాక బీరువా నిండా ఉన్నవి ఇంట్లోవాళ్ల కంటికి బొమ్మలే. తూకానికి అడిగే పాత సామాన్ల వ్యాపారి, ఫోన్‌లో ఫొటోలు చూసి ‘మంచివి పది ఇవ్వండి చాలు’ అనే హైదరాబాదు మనిషి, ఇద్దరూ ఆ తెలియనితనం మీదే బేరం ఆడతారు.

కొనే ముందు: అమ్మే హక్కు ఎవరిది

పెద్దకర్మ అయ్యేదాకా ధర మాట ఎత్తకూడదు. ఇది మర్యాద. అదీగాక ఆ రోజుల్లో ఒకరిచ్చిన మాటని తర్వాత మిగతావాళ్లు ఒప్పుకోరు. పలకరించడానికి వెళ్లినప్పుడు చెప్పదగ్గవి మూడే: ‘అమ్మా, అటక మీది ఖాళీ డబ్బాలు పారెయ్యకండి. కార్లని తడిగుడ్డతో తుడవకండి. చుట్టాల పిల్లలకి పంచకండి.’ ఈ మూడు మాటల వల్ల కాపాడగలిగిన విలువ తర్వాత ఎంత శ్రమపడినా తిరిగి రాదు.

వీలునామా రాయకుండా పోయిన హిందూ పురుషుడి ఆస్తి హిందూ వారసత్వ చట్టం, 1956 ప్రకారం భార్యకి, కొడుకులకి, కూతుళ్లకి, తల్లి బతికుంటే ఆమెకి సమాన వాటాలుగా వస్తుంది. బొమ్మకార్లూ ఆస్తే. పెళ్లై వెళ్లిన కూతురికీ వాటా ఉంది. కాబట్టి బీరువా తాళంచెవి ఇచ్చిన పెద్దకొడుకుతో మాత్రమే బేరం ముగిస్తే పని సగమే అయినట్టు. వస్తువుల విక్రయ చట్టం, 1930లో 28వ సెక్షన్ కొనేవాడికి కొంత రక్షణ ఇస్తుంది: ఉమ్మడి యజమానుల్లో ఒకరి చేతిలోనే, మిగతావాళ్ల అనుమతితో, సరుకు ఉన్నప్పుడు ఆయన దగ్గర నిజాయితీగా కొన్నవాడికి హక్కు దక్కుతుంది. చెల్లెలు వద్దంటోందని తెలిసి కూడా కొంటే ఆ రక్షణ వర్తించదు.

తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ నకలు ఒకటి చూస్తే ఎంతమంది ఉన్నారో తెలిసిపోతుంది. కార్లు అమ్మడానికి వారసత్వ ధ్రువీకరణ పత్రం అక్కర్లేదు. అది బాకీలకి, షేర్లు, బాండ్ల లాంటి వాటికి. కావలసిందల్లా అందరి సంతకాలున్న కాగితం. దూరంలో ఉన్నవాళ్లు వాట్సాప్‌లో స్పష్టంగా ‘ఒప్పుకుంటున్నాను’ అని రాసినా ఉపయోగమే. కాగితంలో తేదీ, జాబితా, మొత్తం ధర, ఇంట్లోవాళ్లు ఉంచేసుకున్న కార్లు, డబ్బు ఎవరి ఖాతాకి వెళ్లాలో అన్నీ ఉండాలి. డబ్బు బ్యాంకు ద్వారానే ఇవ్వాలి. ఒకే వ్యవహారంలో రెండు లక్షలు, అంతకు మించి నగదుగా తీసుకోవడానికి ఆదాయపన్ను చట్టం ఒప్పుకోదు, తీసుకున్నవాళ్ల మీద పెనాల్టీ పడుతుంది. అంటే ఆ దెబ్బ పోయినాయన భార్యకి తగులుతుంది.

మరో మాట. చాలామంది సేకర్తలు రాబోయే మోడల్‌కి నెలల ముందే బయానా కట్టి ఉంచుతారు. ఆయన బ్యాంకు స్టేట్‌మెంట్‌లో బొమ్మల దుకాణాలకి వెళ్లిన మొత్తాలు ఉన్నాయేమో చూడమని ఇంట్లోవాళ్లకి చెప్పండి. ఆ డబ్బు, లేదా ఆ కారు, వాళ్లది.

బీరువాలో ఏముందో చదవడం

ఈ ప్రాంతపు సేకరణల్లో మూడు పొరలు కనిపించే అవకాశం ఎక్కువ. ఖరగ్‌పూర్ రైల్వేలో, కలకత్తాలో పనిచేసి వచ్చిన కుటుంబాల్లో కలకత్తా సరుకు ఉంటుంది. బ్రిటన్ బొమ్మకార్ల కంపెనీ డింకీ పాత అచ్చులు కొని అక్కడే పోతపోసిన నిక్కీ టాయ్స్ కార్లు, అలాగే మిల్టన్, మ్యాక్స్‌వెల్ కార్లు ఈ రకం. ఉద్దానం వైపు ఓడల మీద, గల్ఫ్‌లో పనిచేసినవాళ్ల ఇళ్లలో 1:18 (అసలు కారులో పద్దెనిమిదో వంతు సైజు) మైస్టో, బురాగోలు, చిన్నసైజు మ్యాచ్‌బాక్స్‌లు ఉంటాయి. మూడోది గత పదిహేనేళ్లలో ఆన్‌లైన్‌లోనూ సూపర్‌మార్కెట్లలోనూ కొన్న హాట్‌వీల్స్. లెక్కకి ఎక్కువుండేది ఈ మూడోదే. డబ్బు మాత్రం తరచుగా మొదటి రెండింట్లో ఉంటుంది.

నిక్కీ కారు అచ్చు డింకీదే కాబట్టి చూడగానే డింకీ అనిపిస్తుంది, డబ్బా ఉంటే తేడా వెంటనే తేలుతుంది. డింకీలు తయారుచేసిన లివర్‌పూల్ ఫ్యాక్టరీ 1979లో మూతపడింది. మ్యాచ్‌బాక్స్‌ని కారు బోర్లించి చదవాలి: ‘లెస్నీ’, ‘మేడ్ ఇన్ ఇంగ్లండ్’ అని ఉంటే అది 1982లో ఆ కంపెనీ దివాలా తీయకముందు సరుకు. 1980ల చివర మన దేశంలో లియో పేరుతో వచ్చిన హాట్‌వీల్స్‌లో ఇతర దేశాల్లో రాని రంగులు కొన్ని ఉన్నాయి, వాటిని విదేశీ సేకర్తలూ వెతుకుతారు. ఇటలీలో తయారైన బురాగో 2005కి ముందుది. ఆ తర్వాతివి చైనా నుంచి వస్తున్నాయి.

హాట్‌వీల్స్ అడుగున కనిపించే సంవత్సరం దగ్గర కొత్తవాళ్లు బోల్తా పడతారు. అది ఆ అచ్చుకి హక్కు నమోదైన ఏడాది, ఆ కారు తయారైన ఏడాది కాదు. 1979 అని ఉన్న కారు 2015లో తయారై ఉండొచ్చు. కొత్తవాటికి అడుగున ఒక అక్షరం, రెండంకెలు విడిగా కొట్టి ఉంటాయి. అక్షరం ఏడాదిని, అంకెలు వారాన్ని చెబుతాయి.

నకిలీలు ఎక్కువగా చేసేది హాట్‌వీల్స్‌లో అరుదుగా వచ్చే సూపర్ ట్రెజర్ హంట్‌లనే. అసలు దానికి మెరిసే పారదర్శక రంగు, రబ్బరు టైర్లు, ఒంటి మీద ‘టీహెచ్’ గుర్తు ఉంటాయి. మామూలు కారుకి చక్రాలు మార్చి రంగు వేసి అదే అని అమ్మేవాళ్లున్నారు. పట్టుకోవడానికి కారుని బోర్లా పెట్టి, పక్క నుంచి ఫోన్ టార్చి వేసి, అడుగుభాగాన్ని పైభాగానికి కలిపే రెండు రివెట్లని చూడండి. ఫ్యాక్టరీ రివెట్ తల నున్నగా, గుండ్రంగా, మధ్యలో గుంట లేకుండా ఉంటుంది. డ్రిల్ పెట్టి విప్పినదానికి మధ్యలో బొక్కో, బంక మెరుపో, చిన్న మరమేకో కనిపిస్తుంది. పాత డింకీకి, ఇంకో బ్రిటిష్ బ్రాండు కోర్గీకి రంగు మళ్లీ వేశారా అన్నది కూడా ఇక్కడే దొరుకుతుంది: రివెట్ చుట్టూ ఉన్న సందులోకి కొత్త రంగు పేరుకుంటుంది. మళ్లీ రంగు వేయడం తప్పు కాదు, ఆ మాట చెప్పకుండా అమ్మడమే తప్పు.

మన గాలి చేసే నష్టం

సముద్రం దగ్గరి ఉప్పుగాలి, వానాకాలపు తేమ మన జిల్లాల సేకరణల మీద గుర్తు వదలకుండా ఉండవు. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ వచ్చాయి కదా, అప్పుడు ఇంట్లోకి నీళ్లొచ్చాయా, కప్పు కారిందా అని నేరుగా అడగాలి. డబ్బాల అడుగున గోధుమరంగు నీటిచార ఉంటే లోపలి కారుని ఒక్కొక్కటిగా తీసి చూడాల్సిందే.

తెల్లటి పొడి కనిపిస్తే కంగారు పడకుండా అదేమిటో తేల్చాలి. మెత్తని పొడి బ్రష్‌తో పోతే, కింద రంగు బాగుంటే, అది బూజు. పొడి కింద లోహం గుంటలు పడితే తేమకి జింకు తుప్పు పట్టింది. సన్నని సాలెగూడులాంటి పగుళ్లు, ఉబ్బిపోయి మూసుకోని తలుపులు, వంకరపోయిన అడుగుభాగం ఉంటే అది జింకు తెగులు. పోత జింకులో సీసం లాంటి మలినాలు ఉండటం వల్ల లోహం లోపల్నుంచే రేణువు రేణువుగా విడిపోతుంది, తేమ దాన్ని తొందరపెడుతుంది. రెండో ప్రపంచయుద్ధానికి ముందు డింకీల్లో ఇది ఎక్కువ, 2000ల తర్వాతి కొన్ని ఖరీదైన మోడల్స్‌లోనూ కనిపిస్తుంది. దీనికి మందు లేదు. పక్క కారుకి అంటుకుంటుందనేది మాత్రం అపోహ. ఇలాంటి కారుకి సున్నా ధర కట్టండి, కావాలంటే చక్రాలు, అద్దాలు విడిభాగాలుగా పనికొస్తాయి.

పురుగు పట్టకుండా అని బీరువాలో కలరా ఉండలు వేసే అలవాటు మన ఇళ్లన్నిటా ఉంది. ఆ ఆవిరి పాలిస్టైరీన్ ప్లాస్టిక్‌ని మెత్తబరుస్తుంది. కారు అద్దాలు మసకబారి, డబ్బా కిటికీ జిగురుగా తగిలితే కారణం అదే కావచ్చు. ఉండలు తీసేసి సిలికా జెల్ పొట్లాలు పెట్టించండి. ఇంకో నష్టం టైర్ల దగ్గర. మెత్తని పీవీసీ టైర్లలోంచి నూనెలాంటి పదార్థం ఏళ్ల తరబడి బయటికొచ్చి, కారు నిలబెట్టిన ప్లాస్టిక్ పీటని కరిగిస్తుంది. కారు పీటకి అతుక్కుపోయి ఉంటే లాగొద్దు, మరమేకులు విప్పి చక్రాల్ని మెల్లగా తిప్పుతూ వదిలించాలి. పీట పోయినా ఫరవాలేదు, టైరు చిరగకూడదు.

శుభ్రం చేసేటప్పుడు తక్కువ చేయడమే మంచిది. మెత్తని మేకప్ బ్రష్, దూదిపుల్ల, డిస్టిల్డ్ వాటర్‌లో ఒక చుక్క సబ్బు ద్రవం చాలు. కాగితపు స్టిక్కర్ల మీద నీళ్లు పడనీయొద్దు. స్పిరిట్, థిన్నర్, టూత్‌పేస్ట్ అచ్చువేసిన గీతల్ని, పేర్లని తుడిచేస్తాయి. తుప్పు పట్టిన ఇరుసుకి అగ్గిపుల్ల మొనతో కుట్టుమిషను నూనె ఒక చుక్క పెట్టి, మిగిలింది అద్దేయాలి. నీడలోనే ఆరబెట్టాలి. పాత బొమ్మల రంగులో సీసం ఉండే అవకాశం ఉంది. వాటిని గీకొద్దు, పిల్లల చేతికివ్వొద్దు, పని అయ్యాక చేతులు కడుక్కోండి.

డబ్బాల సంగతి మళ్లీ చెప్పాలి. పాత డింకీ, కోర్గీకి అసలు డబ్బా ఉంటే ధర చాలా పెరుగుతుంది, ఒక్కోసారి రెట్టింపు కూడా. 1:18 మోడల్‌కి థర్మోకోల్ అచ్చు, కారుని పీటకి బిగించే రెండు పొడవాటి మరమేకులు, చిన్న సంచిలో ఉండే అద్దాలు, యాంటెన్నా అన్నీ లెక్కలోకొస్తాయి. ఆ మరమేకులు లేకపోతే దారిలో కారు కదిలి, అద్దాలు విరుగుతాయి. కాబట్టి ఖాళీ డబ్బాలన్నీ ముందు కిందికి దించి, కార్లతో జత కలిపాకే ధర మాట్లాడండి.

లెక్క బల్ల మీద

నాలుగు వందల కార్ల సేకరణ ఒకటి అనుకుందాం. ఇందులోని ధరలు లెక్క చూపడానికే. అసలు ధర కట్టేటప్పుడు అమ్మేవాళ్లు అడుగుతున్న ధరలు కాకుండా, ఇటీవల నిజంగా అమ్ముడైన ధరలు చూడాలి. ఈబేలో అమ్ముడైనవాటినే చూపించే వడపోత ఉంది. మన దేశపు ఫేస్‌బుక్ సమూహాల్లో ‘సోల్డ్’ అని ముగిసిన పాత బేరాలు ఇంకా నమ్మదగ్గవి. బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది కాబట్టి విదేశీ ధర ఇక్కడికి సరిపోదు.

డబ్బా లేని మామూలు చిన్నకార్లు 300, ఇరవయ్యేసి చొప్పున కట్టలుగా అమ్మితే ఒక్కోటి 60 రూపాయలు: 18,000. విడిగా అమ్మదగ్గ చిన్నకార్లు 40, సగటున 500: 20,000. డబ్బాతో ఉన్న 1:43 కార్లు 45, సగటున 1,500: 67,500. 1:18 కార్లు 15, సగటున 5,000: 75,000. మొత్తం 1,80,500. ఇంట్లోవాళ్లు ఫోన్‌లో చూసి పట్టుకున్న అంకె ఇదే.

ఇందులోంచి పోయేవి: అంచనా తప్పినవి, లోపం తర్వాత బయటపడినవి, వాపసు వచ్చినవి కలిపి 10 శాతం, సుమారు 18,000. ఏడాది దాటినా అమ్ముడుపోనివి 15 శాతం, సుమారు 27,000. వందా పదిహేను పార్సిళ్లకి అట్టపెట్టె, బబుల్ చుట్ట, టేపు అరవయ్యేసి రూపాయల చొప్పున సుమారు 7,000. మిగిలేది 1,28,500. విడిగా అమ్మే వంద కార్లకి శుభ్రం, ఫొటోలు, రాతకోతలు, బేరాలు, ప్యాకింగు కలిపి ఒక్కోదానికి గంట వేసుకున్నా వంద గంటల పని. పెట్టుబడి ఏడాది పైన ఇరుక్కుంటుంది. అందుకని 75,000 నుంచి 90,000 దాకా ఇవ్వడం న్యాయమైన గంపగుత్త ధర, అంటే పైకి కనిపించే మొత్తంలో 40 నుంచి 50 శాతం. 30,000 ఇస్తానంటే ఆ తేడాకి కారణం చెప్పమనండి.

డబ్బుకి తొందర లేకపోతే కమీషన్ మీద అమ్మిపెట్టడం ఇంటికి మేలు. ఇదే లెక్కలో 25 శాతం కమీషన్ పోగా ఇంట్లోవాళ్లకి సుమారు 96,000 వస్తుంది, అమ్ముడుపోని కార్లూ వాళ్లవే. కాకపోతే డబ్బు చిన్నచిన్న మొత్తాలుగా వస్తుంది, మనిషిని నమ్మాలి. మా అభిప్రాయంలో చాలా ఇళ్లకి నప్పేది మధ్యమార్గం: ఖరీదైన ముప్పై నలభై కార్లు కమీషన్ మీద, మిగతావి గంపగుత్తగా. ఏ పద్ధతైనా, మంచివి పది ముందు ఏరుకుపోయేవాడిని రానివ్వకూడదు. మామూలు మూడు వందల కార్లని మోయడానికి ఎవరైనా ఒప్పుకునేది ఆ పదింటి కోసమే. అవి పోయాక మిగిలినదానికి తుక్కు ధరే.

పన్ను విషయం. ఇంట్లోవాళ్లు తమ ఇంటి వస్తువు అమ్ముకోవడం వ్యాపారం కాదు, వాళ్లకి జీఎస్టీ లేదు. కొని అమ్మేవాడిది వ్యాపారం. ఆంధ్రప్రదేశ్‌లో సరుకుల వ్యాపారికి ఏడాది టర్నోవరు 40 లక్షలు దాటేదాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదని చాలామంది ధీమాగా ఉంటారు. ఆ పరిమితి రాష్ట్రం లోపల అమ్మేవాళ్లకే. విజయనగరం నుంచి పుణెకి ఒక్క కారు వ్యాపారంగా పంపినా రిజిస్ట్రేషన్ ఉండాలి. పాత వస్తువులకి ఒక వెసులుబాటు ఉంది: ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నుని సర్దుకోవడం) తీసుకోకపోతే అమ్మకపు ధరకీ కొన్న ధరకీ మధ్య తేడా మీదే పన్ను కట్టొచ్చు. అందుకు కొన్న ధర చూపే కాగితం కావాలి. ఇంట్లోవాళ్ల సంతకాలతో రాసుకున్న జాబితా ఇక్కడా పనికొస్తుంది. దాంట్లో ఒక్కో కారుకి విడిగా ధర వేయించండి.

అమ్మకం, ప్యాకింగు

ఒకే వారంలో అంతా బయటపెడితే ధర పడిపోతుంది. ఒకే మోడల్ ఐదుంటే నెలకొకటి పెట్టండి. ఫొటోలు కిటికీ వెలుతురులో, ఫ్లాష్ లేకుండా తీయాలి: నాలుగు వైపులు, పైన, అడుగు, డబ్బా, లోపం ఉన్నచోట దగ్గరగా ఒకటి. డబ్బా నకలు అయితే నకలు అని మొదటి వాక్యంలోనే రాయాలి. పోయినాయన పేరు, ఇంటి ఫొటోలు వాడి జాలితో అమ్మొద్దు. ఇంట్లోవాళ్లు అడిగితే తప్ప ఆ సేకరణ ఎవరిదో చెప్పాల్సిన పని లేదు.

డబ్బు పంపామని చూపే స్క్రీన్‌షాట్ చూసి సరుకు పంపకండి, మీ బ్యాంకు ఖాతాలో పడాలి. డబ్బు తీసుకోవడానికి యూపీఐ పిన్ కొట్టాల్సిన అవసరం ఎప్పుడూ ఉండదు. కొట్టమన్నారంటే అది దోపిడీ. ప్యాక్ చేస్తున్నప్పుడు కారు, డబ్బా, చిరునామా కాగితం ఒకే ఫ్రేములో కనిపించేలా ఆపకుండా వీడియో తీయండి. కొన్నవాళ్లనీ విప్పేటప్పుడు అలాగే తీయమనండి.

బబుల్ చుట్టని కారు రంగుకి నేరుగా తగలనిస్తే ఎండకి వేడెక్కిన వ్యాన్‌లో గుండ్రటి మచ్చలు పడతాయి. ముందు టిష్యూ కాగితం, ఆ పైన బబుల్ చుట్ట. తలుపులు తెరుచుకునే 1:18 కారుకి నడుం చుట్టూ టిష్యూ పట్టీ కట్టి, మరమేకులు బిగించి, అసలు డబ్బాలో పెట్టి, ఆ డబ్బాని అన్ని వైపులా ఐదు సెంటీమీటర్ల ఖాళీ ఉన్న గట్టి అట్టపెట్టెలో దింపాలి. ఖాళీని నలిపిన కాగితంతో కూరాలి, ఊపితే చప్పుడు రాకూడదు. చాలా కొరియర్లు పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగించి బరువు లెక్కేస్తాయి. 45, 28, 26 కొలతలున్న పెట్టె అసలు రెండు కిలోలే ఉన్నా ఆరున్నర కిలోల ఛార్జీ పడుతుంది. కొన్నవాళ్లకి ఆ ఛార్జీ ధరతో పాటే ముందు చెప్పేయండి. విశాఖకో విజయవాడకో వెళ్లే మామూలు కార్ల కట్టలకి ఆర్టీసీ కార్గో సరిపోతుంది. ఖరీదైన ఒక్క కారు మాత్రం బీమాతో, ట్రాకింగుతో వెళ్లాలి.

అక్టోబరు, నవంబరు నెలల్లో తుపాను హెచ్చరిక ఉన్న వారం ఏదీ పంపకండి. అట్టపెట్టె లోపల పాలిథిన్ సంచి వేసి పంపడం ఆ కాలమంతా మంచిది. సంచిలో సిలికా జెల్ పొట్లం ఒకటి పడెయ్యండి, గ్రహీత అందుకోగానే సంచి విప్పాలని చీటీ రాయండి. తేమ లోపలే ఉండిపోతే రంగు మీద బొబ్బలు వస్తాయి.

కమీషన్ మీద అమ్ముతుంటే ప్రతి నెలా ఒకే తేదీన ఇంట్లోవాళ్లకి చీటీ వెళ్లాలి: ఏ కారు, ఎంతకి, ఎంత ఖర్చు, వాళ్ల వాటా ఎంత. ఏమీ అమ్ముడుపోని నెలలోనూ ‘ఈ నెల ఏమీ పోలేదు’ అని పంపాలి. ఏడాది గడిచాక మిగిలిన కార్లని డబ్బాలతో సహా తిరిగి అప్పగించి, మొదటి జాబితాతో ఒక్కొక్కటీ సరిచూసి, రెండు వైపులా సంతకాలు చేసుకోవాలి.